తెర మీద పడ్డ మాట

సాధన తమ్ముడు బెన్నీ పరుగున పోయి టీవీ ప్లగ్గు పీకేసేసరికే ఆలస్యమైపోయింది. గదిలో ఉన్నవాళ్లంతా చదివేశారు.

పాట మూడో చరణం నోళ్లల్లోనే ఆగిపోయింది. కంజర వాయిస్తున్న చెయ్యి గాల్లో నిలిచింది. గోడ మీద టీవీ నల్లగా చచ్చి ఉంది. దాని కింద, చేతిలో ఫోను పట్టుకుని, సాధన నిలబడ్డ చోటనే బిగుసుకుపోయింది.

ఫోన్లో ఉన్నది టీవీ మీదికి ఎక్కించడం సాధనకు కొత్త కాదు. ఆమె పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పొద్దున లేస్తే అదే పని. ఆదివారం ప్రార్థన కూడికల్లో పాటల పుస్తకం పేజీలు పెద్దక్షరాలతో టీవీలో చూపించేది కూడా ఆమే. తీగ అక్కర్లేదు. ఫోన్లో ఏం కనపడితే టీవీలో అదే కనపడుతుంది. పాట నడుస్తుండగా పైన ఒక మెసేజ్ జారిపడింది. కంగారులో దాన్ని పక్కకు తోసెయ్యబోయి, వేలితో నొక్కింది. అంతే, మెసేజ్ మొత్తం తెరుచుకుని గోడంతా పరుచుకుంది.

ఇంటివాళ్ల గ్రూపులో పంపింది మేనమామ ఆనంద్ కుమార్. "బావా, అక్క స్కాన్ రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్ లివర్‌కు పాకిందంట. అక్కకు మాత్రం తెల్వనియ్యకుండ్రి."

ఆ అక్క ముందు వరసలోనే కూర్చుని ఉంది. పేరు రూబీ. సాధన తల్లి. ఇవాళ్టి కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నదే ఆమె. గర్భసంచిలో గడ్డలుంటే ఆపరేషన్ చేసి తీసేశారని, దేవుడు గండం గట్టెక్కించాడని, నలుగురిని పిలిచి అన్నం పెట్టాలని పట్టుబట్టింది.

"పాటెందుకు ఆపిన్రే?" అంది నాయనమ్మ పోచమ్మ, చాప మీద నుంచి. ఆమెకు చదువు రాదు. "కరెంటు వొయ్యిందా?"

అందరి కళ్లూ రూబీ వీపు మీదే ఉన్నాయి.

రూబీ లేచి నిలబడింది. తల మీది కొంగు సవరించుకుంది. "పాస్టరయ్యగారూ, ముగింపు ప్రార్థన చెయ్యండి. అన్నం చల్లారుతది" అంది.

పాస్టరు రెండు మాటల్లో ప్రార్థన ముగించాడు. ఆమేన్ అనవలసిన చోట సగంమంది అనలేకపోయారు.

*

వచ్చినవాళ్లు తినకుండా పోతామంటే రూబీ ఒప్పుకోలేదు. గిన్నె పట్టుకుని తనే వడ్డించింది. వంగి, ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి, ముక్కలు ఏరి మరీ వేసింది. విస్తరి ముందు కూర్చున్నవాళ్లు తలెత్తలేదు.

సాధన దగ్గరికి పోయి చెయ్యి పట్టుకోబోయింది. "మమ్మీ, నువ్వు కూసో. నేను ఏస్త."

"నీళ్లు పట్కరా" అంది రూబీ, ఆమె వైపు చూడకుండా.

మేడ మీద ఉండే ఇంటావిడ వేదవతి కూడా కూడికకు వచ్చింది. ఏలూరు నుంచి వచ్చి ఎల్బీ నగర్లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డవాళ్లు. వీళ్లు ఆమె కింద వాటాలో ఎన్నో ఏళ్లుగా కిరాయికి ఉంటున్నారు. ఆవిడ లేచి గరిటె అందుకోబోయింది.

"రూబీ గారూ, మీరు కాసేపు కూర్చోండమ్మా. నేను వడ్డిస్తాను కదా."

రూబీ గరిటె వదల్లేదు. "మీకు కూడ తెల్సా, వేదవతమ్మా?"

వేదవతి ముఖం పాలిపోయింది. చీర చెంగు వేలికి చుట్టుకుంది. "మీ ఆయనగారు చెప్పొద్దన్నారండీ. పెళ్లాం బతుకు సంగతి పెళ్లానికి చెప్పకపోతే ఎలాగండీ అని ఆరోజే అన్నాను నేను. నిజంగా అన్నాను."

"ఆయనకన్నరు" అంది రూబీ. "నాకన్లే."

వేదవతి ఇంక కూర్చోలేకపోయింది. చెయ్యి కడుక్కుని, చెప్పకుండానే మెట్లెక్కి వెళ్లిపోయింది.

*

ఆఖరి మనిషి గేటు దాటాక రూబీ తలుపు దగ్గరికి వేసింది. ఎంగిలి విస్తళ్లు అలాగే ఉన్నాయి. భర్త యెహెజ్కేలు కిటికీ పక్క కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. సిటీ బస్సు తోలే మనిషి. ఎంత రద్దీలోనైనా చెయ్యి వణకదని డిపోలో పేరు. ఇప్పుడు ఆ చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్నాడు.

"ఎవరెవరికి తెల్సు?" అంది రూబీ.

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"బెన్నీ, నీకు?"

బెన్నీ గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఇరవై నిండిన పిల్లాడు, ముక్కు చేత్తో తుడుచుకుంటూ తలూపాడు.

"పాస్టరయ్యకు?"

"ప్రార్థన చెయ్యమని చెప్పిన" అన్నాడు యెహెజ్కేలు నేల వైపే చూస్తూ.

"నా దుకాణంల?"

రూబీ దిల్‌సుఖ్‌నగర్లో ఒక మ్యాచింగ్ సెంటర్లో పని చేస్తుంది. చీర ముక్క చూస్తే చాలు, వందల తానుల్లోంచి సరిపోయే రంగు కళ్లతోనే ఏరి తీస్తుంది. ఆపరేషన్ తర్వాత ఓనరు ఆమెకు కుర్చీ వేయించాడు. తోటి ఆడపిల్లలు టిఫిన్లో మంచి ముక్క ఆమెకే పెట్టేవాళ్లు. నన్ను ఎంత ప్రేమగా చూస్తున్నరో అని ఇంటికొచ్చి మురిసిపోయి చెప్పేది.

"దుకాణంల సుత చెప్పినవా?"

"బరువులు మొయ్యనియ్యొద్దని..."

"అంటే లోకమందరికి తెల్సు. నాకొక్కదానికే తెల్వది."

"నాకు సుత తెల్వది" అంది పోచమ్మ. చాప మీద నుంచి మోకాళ్లు పట్టుకుని లేస్తూ, కొడుకు వైపు చూసింది. "ఏమున్నదిరా ఆ టీవీల? అందరు సదివిన్రు. నాకెవ్వరు చెప్పరేంది?"

యెహెజ్కేలు కిటికీ వైపు తిరిగాడు. తల్లి మళ్లీ అడిగింది.

"రూబీకి... క్యాన్సర్ అమ్మా. గడ్డలు గాదు. ఇప్పుడు లోపలికి పాకిందట."

పోచమ్మ మెల్లగా నడిచి వచ్చి కోడలి పక్కన నిలబడింది. కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

రూబీ కూతురి వైపు తిరిగింది. మెసేజ్ పడ్డప్పటి నుంచీ అదే మొదటిసారి చూడటం.

"పోయిన నెల చర్చిల నేను సాక్ష్యం చెప్పిన. దేవుడు నన్ను బాగుజేసిండు, నా కడుపుల రోగం తీసేసిండు అని, అంతమంది ముందట, మైకు పట్టుకోని. గప్పుడు నువ్వు యాడ కూసున్నవ్?"

సాధన తల దించుకుంది. "రెండో బెంచిల."

"ఏం జేసినవ్?"

"మమ్మీ..."

"ఏం జేసినవ్, చెప్పు."

"ఆమేన్ అన్న."

"నాకు ఇనబడ్డది" అంది రూబీ. "అందరికంటె నీ గొంతే గట్టిగ ఇనబడ్డది. నా బిడ్డకు ఎంత సంబరమో అనుకున్న."

సాధన నేల మీద కూలబడి తల్లి కాళ్లు పట్టుకుంది. రూబీ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. వంగి లేపనూ లేదు.

"ఆమెనెందుకంటవ్?" యెహెజ్కేలు లేచాడు. గొంతు పగిలినట్టుగా వచ్చింది. "చెప్పొద్దన్నది నేను. అంటే నన్నను. కొట్టు. మా అక్క సంగతి నీకు తెల్వదా? డాక్టరు మొకం మీద చెప్పిండు, నీకు గీ రోగమే వచ్చిందని. గంతే. అన్నం మానేసింది, మాట మానేసింది. నెల తిరగకముందే మట్టిల పెట్టొచ్చిన. నా చేతుల తోటి పెట్టిన. రోగం జంపలే, ఆ మాట జంపింది. నువ్వు సుత గట్లనే పోతవని నేను... ఎట్ల చెప్పాలె రూబీ? ఏ నోటితోటి చెప్పాలె?"

వీధిలో ఆటో హారన్ మోగి ఆగింది.

"మాట జంపలేదురా" అంది పోచమ్మ.

యెహెజ్కేలు తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు డ్యూటీ మీద పట్నంల ఉన్నవ్. దాని పక్కన పండింది నేను. అది తెల్సి సావలే. నొప్పికి సచ్చింది. గొంతు దిగక అన్నం మానింది. పట్నం తీస్కపోండ్రి, ఇంకో డాక్టరుకు చూపెట్టుండ్రి అని నా చెయ్యి వట్టుకోని ఏడ్సింది. దాని మొగడు ఇనలే. నీకు చెప్తె నువ్వు పరేషాన్ అయితవని నేను చెప్పలే."

యెహెజ్కేలు ఇన్నేళ్లూ అక్క చావు గురించి ఒక సంగతి గట్టిగా నమ్మి, దాని మీదే ఆనుకుని బతికాడు. తండ్రి ముఖంలో అంత దిక్కులేనితనం సాధన ఎప్పుడూ చూడలేదు. అతను కుర్చీ కోసం చేత్తో వెతికి, దొరకబుచ్చుకుని కూర్చున్నాడు.

*

"టీవీ పెట్టు" అంది రూబీ.

ఎవరికీ అర్థం కాలేదు.

"బెన్నీ, ప్లగ్గు పెట్టు. సాధనా, నీ ఫోను మల్ల అండ్లకు ఎక్కియ్యి. ఇందాక తెరిస్తివి గద, అది పైదాక తియ్యి. నా సంగతి మీరందరు చేతుల పెట్టుకోని చదివిన్రు. నేను గోడ మీద పెద్దగ చదువుకుంట."

"వద్దు మమ్మీ. నీ కాళ్లు మొక్కుత."

"ఎక్కియ్యి."

సాధన ఫోన్లో నొక్కింది. టీవీ వెలిగి, ఈ ఫోనును అనుమతించాలా అని అడిగింది. బెన్నీ రిమోటు పట్టుకుని తండ్రి వైపు చూశాడు. యెహెజ్కేలు తల తిప్పుకున్నాడు. రూబీ కొడుకు చేతిలోంచి రిమోటు తీసుకుని తనే నొక్కింది.

గ్రూపు తెరుచుకుంది. పైన పేరు "మమ్మీ హెల్త్". పక్కన గుండ్రంలో రూబీ ఫోటో, పోయిన క్రిస్మస్‌కు తీసింది, ఎర్ర చీరలో నవ్వుతూ. ఆ గ్రూపులో ఆమె ఒక్కతే లేదు.

సాధన పైకి జరుపుతూ పోయింది. గోడ మీద తన రోగం గురించి తనవాళ్లు మాట్లాడుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే, రూబీ పెదవులు కదుపుతూ చదివింది. ఎవరు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మందు చీటీ మీద పేరు కనపడకుండా ఎలా చింపాలి. అవి బలం బిళ్లలని చెప్పండి. స్కాన్ అంటే మామూలు చెకప్ అని చెప్పండి. మధ్యలో బెన్నీ పెట్టిన ఏడుపు ముఖాల బొమ్మలు. చేతులు జోడించిన బొమ్మలు.

"ఆగు" అంది రూబీ.

సాధన వేలు ఆగింది. తల్లి ఎక్కడ ఆగిందో చూడకుండానే ఆమెకు తెలిసింది. ఆ చోటు రాకూడదనే, చదువుతూ చదువుతూ అలసి ఇంక చాలు అంటుందేమోననే, ఆమె అంత మెల్లగా జరుపుతూ వచ్చింది.

అది ఆపరేషన్ అయిన వారానికి ఆనంద్ పెట్టిన మెసేజ్. "డాక్టరమ్మ కీమో వెంటనే మొదలు పెట్టాలె అంటున్నది. ఇప్పుడైతే మంచి అవకాశం ఉన్నదంట. లేట్ చేస్తే కష్టమట. ఏం చెప్పాలె బావా?"

దాని కింద యెహెజ్కేలు. "కీమో వద్దు. జుట్టు ఊడుతది, ఆమెకు తెలిసిపోతది. తెలిస్తే బతకదు. బిళ్లలతోటి చూద్దాం."

దాని కింద సాధన. మాటలు లేవు. పైకి లేపిన ఒక బొటనవేలు.

రూబీ ఆ బొటనవేలి వైపు చాలాసేపు చూసింది. ఫోన్లో చిటికెన వేలి గోరంత ఉండే బొమ్మ, టీవీలో అరచెయ్యంత ఉంది.

"జుట్టు కోసమా?" అంది చివరికి. గొంతులో కోపం లేదు. అర్థం కాని మనిషి అడిగినట్టు అడిగింది. "నా జుట్టు చూసి నాకు తెలిసిపోతదని, మందే ఇప్పియ్యలేదా?"

యెహెజ్కేలు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక నుంచి వచ్చిన శబ్దం ఏడుపులా లేదు.

"నేను వద్దనాల్సింది మమ్మీ" అంది సాధన. "నాకు తెల్సు. గది తప్పని ఆ రోజే తెల్సు. డాడీ మొకం చూసి..."

"నా మొకం సుత ఉండె గద బిడ్డా. రోజు నీ ముందటనే తిరుగుతుంటి."

రూబీ చెయ్యి చాచింది. సాధన ఫోను ఇచ్చింది. రూబీ పేర్లు వెతికి, డాక్టరమ్మ పేరు మీద నొక్కింది. టీవీలో కూడా ఆ పేరు పెద్దగా లేచింది. ఆదివారం, ఎత్తదేమో అనుకుంది సాధన. ఎత్తకపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకుని, తన మీద తనకే అసహ్యమేసింది.

ఎత్తింది. స్పీకర్లో గొంతు, "సాధనా, చెప్పమ్మా. రిపోర్ట్ చూశారా?"

"సాధన కాదమ్మా."

"పేషెంటుకు మీరేమవుతారు?"

"నేనే పేషెంటును" అంది రూబీ.

"రూబీ గారూ..." అంది డాక్టరమ్మ గొంతు. తర్వాత చాలా నెమ్మదిగా, "మీతో మాట్లాడాలని మొదటి రోజు నుంచీ అడుగుతున్నానమ్మా నేను."

రూబీ కళ్లు మొదటిసారి చెమర్చాయి. స్పీకరు ఆపి, ఫోను చెవికి పెట్టుకుని లోపలి గదిలోకి పోయింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

*

బయట నలుగురు మిగిలారు. గోడ మీద టీవీలో డాక్టరమ్మ పేరు, దాని కింద నడుస్తున్న అంకెలు. మాట్లాడుతున్నారని తెలుస్తోంది. ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు. తలుపు వెనక నుంచి రూబీ "ఊఁ" అనడం మాత్రం అప్పుడప్పుడు వినిపిస్తోంది. ఒకసారి ఏదో గట్టిగా అడిగింది. ఏం అడిగిందో తెలియలేదు. ఆ తర్వాత చాలాసేపు ఊఁ కూడా లేదు.

బెన్నీ తలుపు దగ్గరికి పోయి చెవి ఆనించబోతే పోచమ్మ గుడ్లురిమింది.

అంకెలు ఆగిపోయాయి. ఫోను పెట్టేసింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

టీవీ తెర మారింది. రూబీ తమ్ముడు ఆనంద్ పేరు తెరుచుకుంది. ఫోను ఇంకా టీవీకి కట్టే ఉందన్న సంగతి రూబీకి గుర్తులేదో, గుర్తుండే అలా చేస్తోందో. ఖాళీ గడిలో అక్షరాలు ఒక్కొక్కటే మొలవసాగాయి. చదవకూడదని సాధన కళ్లు దించుకుంది. ఉండబట్టలేక మళ్లీ ఎత్తింది.

"తమ్మీ, నేను డాక్టరమ్మతోటి మాట్లాడిన. ఆమె ఏమన్నదంటె"

అక్కడ ఆగింది. గీత ఒకటి మినుకు మినుకుమంటూ నిలబడింది. యెహెజ్కేలు లేచి టీవీకి రెండడుగుల దూరంలో నిలుచున్నాడు, ఆ మిగతా మాట తనే చేత్తో లాగి తీసేవాడిలా.

"ఇంక" అని పడింది. మళ్లీ ఆగింది.

ఆ తర్వాత అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఇంక పోయింది. ఏమన్నదంటె పోయింది. డాక్టరమ్మ పోయింది. చివరికి తమ్మీ అన్న పిలుపు కూడా పోయింది. టీవీ ఒక్కసారి మెరిసి, ఫోను తెగిపోయిందని చూపించి, నీలంగా మారిపోయింది.

గడియ తీసిన చప్పుడు.

రూబీ చీర మార్చుకుంది. ముఖం కడుక్కుంది. చేతిలో సంచి ఉంది. ఫోను సాధన చేతిలో పెట్టి, "బెన్నీ, ఆటో పిలువు. డాక్టరమ్మ ఇప్పుడే రమ్మన్నది" అంది.

"నేనొస్త" అని యెహెజ్కేలు ముందుకొచ్చాడు.

"వద్దు. ఇన్ని దినాలు నా తరఫున నువ్వు మాట్లాడినవ్. ఇయ్యాల నేను మాట్లాడుకుంట."

"రూబీ, ఏమన్నది డాక్టరమ్మ? మందు ఇంక పనిజేస్తదా? జర చెప్పు. ఒక్క మాట చెప్పి పో."

రూబీ గుమ్మం దగ్గర ఆగి అతని ముఖంలోకి చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అంత పరాయిగా చూడటం అతనెరగడు.

"మీకు చెప్పాల్నా వద్దా అని ఆలోచిస్తున్న" అంది.

చెప్పులేసుకుని గడప దాటింది. బెన్నీ ఆటో పట్టుకొచ్చి వీధిలో నిలబెట్టాడు. సాధన గేటు దాకా పరిగెత్తింది.

"మమ్మీ, నేను రావాల్నా?"

రూబీ ఆటోలో ఒక మూలకు జరిగి కూర్చుంది. రమ్మనలేదు. వద్దనలేదు. డ్రైవరు అద్దంలోంచి ఇద్దరినీ చూసి, ఇంజను ఆపకుండా, "ఎవరన్న ఎక్కేదున్నదా అమ్మా?" అని అడిగాడు.